బతుకమ్మకు గ్రాంటు అడిగే ముందు

ప్రశ్న: అక్కా, హనుమకొండ నుంచి ఒహాయోకు వచ్చి రెండేళ్లయింది. ఇక్కడ పదిహేను కుటుంబాలం కలిసి బతుకమ్మ ఆడుతున్నాం. ఈసారి హాలు అద్దెకు మా ప్రాంతపు కమ్యూనిటీ ఫౌండేషన్‌ను గ్రాంటు అడుగుదామని అందరూ అంటున్నారు. అందులో మిగిలింది పరకాల దగ్గర నేను చదువుకున్న బడికి పంపవచ్చా?

జవాబు: చెల్లెమ్మా, ముందు బడి సంగతి చెబుతాను. అక్కడ తప్పు జరిగితే దిద్దుకోవడం కష్టం.

పంపకూడదు. ఇలాంటి ఫౌండేషన్లలో మొదటిది 1914లో మీ ఒహాయోలోనే, క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. ఆ ఊరివాళ్లు వీలునామాల్లో రాసిచ్చిన సొమ్మును ఒకచోట చేర్చి ఆ ఊరి మేలుకే ఖర్చుపెట్టాలన్నది దాని ఉద్దేశం. హాలు కోసమని తీసుకున్న డబ్బు హాలుకే ఖర్చు కావాలి. మిగిలితే ఫౌండేషన్‌కు ఉత్తరం రాసి, తిరిగి ఇమ్మంటే ఇచ్చేయాలి. ఇక మన దేశంలో 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. అమెరికా సంస్థ ఇచ్చే డబ్బు తీసుకోవాలంటే తీసుకునే బడికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అలా తీసుకున్నవారు దాన్ని మరో సంస్థకు పంచడానికీ వీల్లేదు.

నువ్వు ఇంకా భారత పౌరురాలివే కాబట్టి, నీ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. బడికి అలాగే పంపు. పౌరసత్వం మారిన నాకు ఆ వెసులుబాటు పోయింది. మా నర్సంపేట వైపు బడికి నేరుగా పదివేలు ఇవ్వడానికి కూడా వీలులేదని తెలిసిన రోజు చాలా బాధపడ్డాను.

ఇప్పుడు గ్రాంటు సంగతి. పదిహేను కుటుంబాలు అంటే ఫౌండేషన్ లెక్కలో సంస్థ కాదు. సాధారణంగా 501సి3 గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా ఇక్కడి పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు ఉన్న సంస్థకే ఇస్తారు. ఏడాదికి 50,000 డాలర్లకు మించి రాబడి రాదనుకునే చిన్న సంస్థలు చాలావరకు ఆ గుర్తింపు కోసం 1023-ఈజెడ్ అనే పొట్టి దరఖాస్తు వేయవచ్చు. దానికి రుసుము 275 డాలర్లు. అయితే మొదటి ఏడాదే అంత పని పెట్టుకోవద్దని నా సలహా. ఇప్పటికే గుర్తింపు ఉన్న ఏదైనా సంస్థను మీ తరఫున డబ్బు తీసుకుని లెక్క చూడమని అడగండి. దీన్ని ఇక్కడ ఫిస్కల్ స్పాన్సర్ అంటారు. గ్రాంటులో కొంత శాతం వాళ్లు తీసుకుంటారు. నష్టం అనుకోవద్దు, వాళ్లు లెక్క రాసే తీరు చూసి మీరు నేర్చుకుంటారు.

మా అమ్మ ఊళ్లో మహిళా సంఘం పుస్తకం రాసేది. ఎవరు వచ్చారు, ఏ తీర్మానం చేశారు, ఎంత జమ, ఎంత అప్పు అని ప్రతి సమావేశానికీ రాసి, అందరి చేత సంతకాలు చేయించేది. ఫౌండేషన్ అడిగేది సరిగ్గా ఆ పుస్తకమే. మీవాళ్లలో అలాంటి చేతిరాత ఉన్న మనిషిని ఇవాళే వెతుక్కోండి. ఇంకొక మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లెవరూ ఈ డబ్బులోంచి జీతం తీసుకోకూడదు. వీసా తీసిన యజమాని దగ్గర తప్ప వేరేచోట జీతానికి పనిచేయకూడదు.

మా మొదటి దరఖాస్తు తిరిగి వచ్చింది. కాకతీయుల గురించి, వేయిస్తంభాల గుడి దగ్గర సద్దుల నాడు చేరే జనం గురించి, 2014లో రాష్ట్ర పండుగ అయిన వైనం గురించి రెండు పేజీలు రాశాను. ఖర్చుల్లో హాలు, మైకు, భోజనాలు వేశాను. తిరస్కరించినప్పుడు ఫోను చేసి కారణం అడిగితే అక్కడి ఉద్యోగిని ఓపికగా ఒకే మాట అడిగింది: "దీనివల్ల మా ఊళ్లో ఎవరికి ఏం మారుతుంది?" నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు మా అపార్టుమెంట్ల మధ్యే దొరికింది. పిల్లల దగ్గరికి వచ్చిన అత్తమ్మలు, అమ్మలు ఆరు నెలలు కిటికీ పక్కన గడిపేవారు. కారు నడపలేరు, భాష రాదు. మరుసటి ఏడాది వాళ్లనే గురువులుగా పెట్టి దరఖాస్తు రాశాం. గ్రంథాలయంలో నాలుగు శనివారాలు పూలు పేర్చడం, పాట నేర్పడం, ఏ పిల్లలైనా రావచ్చు. ఇక్కడ తంగేడు దొరకదు, గునుగు దొరకదు. బంతి, చామంతులతోనే పేర్చారు. గౌరమ్మ పూజ ఖర్చు మాత్రం మేమే చందా వేసుకున్నాం, చాలా ఫౌండేషన్లు పూజకు డబ్బివ్వవు. వేరే దేశాల పిల్లలు కూడా చప్పట్లు కొడుతూ వలయంలో తిరిగారు. ఖమ్మం నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆ రోజు పాట ఎత్తుకున్న గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

డబ్బు వచ్చాక ప్రతి రసీదూ దాచండి, గడువులోపు నివేదిక ఇవ్వండి. సొంత సంస్థ పెట్టుకుంటే, రాబడి తక్కువైనా ప్రతి ఏడాదీ పన్ను శాఖకు 990-ఎన్ అనే చిన్న వార్షిక పత్రం పంపడం మరువద్దు. వరుసగా మూడేళ్లు పంపకపోతే గుర్తింపు దానంతట అదే రద్దవుతుంది.

బతుకమ్మ సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. దరఖాస్తు గడువు చాలాచోట్ల దానికి నెలల ముందే ముగుస్తుంది. తేదీ కనుక్కుని, చిత్తుప్రతి నాకు పంపు. ఖర్చుల పట్టిక ముందు చూస్తాను.