ల్యాబ్‌లో లిపిడ్లతో కృత్రిమ కణం ఎలా చేస్తారు?

కణం చుట్టూ ఉండే పొరను ఎవరూ అతికించరు, అదే ఏర్పడుతుంది. లిపిడ్ అంటే కొవ్వు జాతి పదార్థం; దాని అణువు తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు పడదు. అందుకే నీళ్లలో రెండు వరసలుగా సర్దుకుని బుడగలా మూసుకుంటాయి. పొర మందం 5 నానోమీటర్లే!

పెద్ద బుడగలకు 1986లో శాస్త్రవేత్తలు ఏంజెలోవా, దిమిత్రోవ్ మొదలుపెట్టిన విద్యుత్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. క్లోరోఫామ్‌లో కరిగించిన లిపిడ్‌ను కరెంటు పారే గాజు పలకపై పూసి, పూర్తిగా ఆరనివ్వాలి. సుక్రోజ్ (చక్కెర) ద్రావణం పోసి, 10 హెర్ట్జ్ దగ్గర ఒకటి రెండు వోల్టుల ఏసీ కరెంటు ఇస్తే రెండు గంటల్లో పదుల మైక్రోమీటర్ల బుడగలు ఉబ్బుతాయి. వాటిని గ్లూకోజ్ ద్రావణంలో వేస్తే, లోపలి సుక్రోజ్ బరువుకు అడుక్కి దిగుతాయి. మైక్రోస్కోప్‌లో చక్కగా కనిపిస్తాయి.

లోపల రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసే కణ యంత్రాలు), ఎంజైములు, డీఎన్‌ఏ వంటివి పెడితే ప్రోటీన్ కూడా తయారవుతుంది. సొంతంగా పెరిగి, విడిపోతూ బతికే కణం మాత్రం ఇంకా సాధ్యం కాలేదు.