అల్లుడూ, బాబుకు మల్లికార్జున అని పెట్టే ముందు

అల్లుడూ,

బాబు పేరు గురించి ఇంట్లో టెన్షన్ నడుస్తోందని మీ అమ్మ, అదే మా అక్క, ఫోన్ చేసింది. మీరిద్దరూ రెండక్షరాల పేరు కావాలంటున్నారట, అక్కేమో ఇంటిదేవుడు కొమురవెల్లి మల్లన్న, అంటే మల్లికార్జున స్వామి పేరే పెట్టాలంటోంది. నా మాట సూటిగా చెప్తా, మల్లికార్జున అనే పెట్టండి. కానీ అమ్మను కాదనలేక పెట్టొద్దు, ఆ పేరు వెనక ఏముందో తెలుసుకుని ఇష్టంగా పెట్టండి, రేపు వాడే మిమ్మల్ని అడుగుతాడు.

మల్లెపువ్వు, పాండవ అర్జునుడు అని ఎవరో చెప్తే అక్కడితో ఆగిపోకు. అర్జున అంటే తెలుపు అని కూడా అర్థం, తెల్లమద్ది చెట్టుకూ ఆ పేరుంది. శివపురాణంలో మల్లిక అంటే పార్వతి, అర్జునుడంటే శివుడు. అలిగి క్రౌంచపర్వతానికి వెళ్లిపోయిన కుమారస్వామి కోసం అమ్మానాన్నలిద్దరూ వెళ్లి అక్కడే ఉండిపోయారని కథ, శ్రీశైలం లింగానికి ఆ పేరు అలా వచ్చిందంటారు. శ్రీశైలంలో ఇంకో కథ ఉంది, చంద్రవతి అనే రాజకుమార్తె రోజూ మల్లెలతో పూజ చేసేదని, ఆ పూలనే స్వామి తలపై పెట్టుకున్నాడని. నల్లమల చెంచులకైతే ఆయన చెంచు మల్లయ్య, తమ పిల్లను చేసుకున్న ఇంటల్లుడు.

మన కొమురవెల్లిలో ఆయనకు అటూ ఇటూ గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ. గొర్రెలు కాసే గొల్ల కురుమలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో బోనాలెత్తి, రంగుల ముగ్గుతో పట్నం వేయించి, ఒగ్గుకథ చెప్పించుకునే దేవుడు. కర్ణాటకలో మైలారుడు, మహారాష్ట్రలో ఖండోబా అని కొలిచేదీ ఈ దేవుణ్నే అంటారు. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది, పండితుల పురాణంలోనూ పశువుల కాపరి డోలు మీదా ఒకే పేరు పలకడం. 12వ శతాబ్దంలో కన్నడ శివభక్త కవయిత్రి అక్క మహాదేవి తన వచనాల్లో చెన్నమల్లికార్జునా అని పిలిచింది, ఆ కాలంలోనే మనకు శైవ గురువు మల్లికార్జున పండితారాధ్యుడు ఉన్నాడు, మన కాలంలో ధార్వాడ్ గాయకుడు మల్లికార్జున్ మన్సూర్.

పాతపేరు అనిపిస్తుందని, బడిలో ఏడిపిస్తారని భయపడకు. ఇంట్లో మల్లన్న అనండి, స్నేహితులు అర్జున్ అంటే అననివ్వండి, పెద్దయ్యాక ఏది కావాలంటే అది వాడుకుంటాడు. కాగితాల మీద మాత్రం పూర్తి పేరు ఒకే పదంగా రాయించు. ఇంగ్లీషులో చివర 'న' ఉంచాలా, 'న్' అని ఆపాలా ఇప్పుడే తేల్చుకుని బర్త్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నింట్లో ఒకే స్పెల్లింగ్ ఉండేలా చూడు, లేదంటే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. పేరు లేకుండా జననం నమోదు చేయించినా 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు ఎక్కించొచ్చు, కాబట్టి తొందరపడి ఏదో ఒకటి రాయించకు.

ఇంకోమాట, మా కోడలు వైపు వాళ్లకు నచ్చిన పేరు ఉంటే దాన్నీ బియ్యంలో రాయండి, రెండు పేర్లుంటే తప్పేం లేదు. పట్నం ఎప్పుడు వేయిస్తారో ముందే చెప్పు, ఒగ్గువాళ్లతో నేను మాట్లాడతా.

మీ మామ