మూడేళ్లుగా డీబీఏగా చేస్తున్నాను. ఈ దారిలో ఎదుగుదల ఉంటుందా?

మీరు రాసినదాని ప్రకారం భీమవరంలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఒరాకిల్ డీబీఏగా, అంటే కంపెనీల డేటా దాచే ఒరాకిల్ డేటాబేస్‌లని చూసుకునే పని చేస్తున్నారు. రాత్రి ఫోన్లతో నిద్ర ఉండడం లేదు. క్లౌడ్, ఏఐ వచ్చాక డీబీఏ అనే ఉద్యోగమే ఉండదని స్నేహితులు భయపెడుతున్నారు. డెవలపర్‌గా మారిపోవాలా, వీలైతే ఊరికి వచ్చి ఇంటి నుంచి చేసుకోవచ్చా అని అడిగారు.

మారొద్దనే నా సలహా. కాకపోతే ఎదుగుదలని మీరు వెతుకుతున్న చోటు మార్చుకోవాలి. కమాండ్లు, సర్టిఫికెట్లు మొదటి నాలుగైదేళ్లు లాక్కొస్తాయి. ఆ తర్వాత, డేటా ఆగిపోతే ఎవరి పని ఆగుతుంది, వాళ్లు ఎంతసేపు ఓర్చుకోగలరు అన్నది తెలిసిన మనిషికే విలువ. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చూసే పెద్ద టీమ్‌లో పనిచేసినన్నాళ్లూ ఇది నాకు తెలియలేదు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంట్‌లో తెలిసింది.

మాది కోనసీమలో రాజోలు వైపు లంక గ్రామం. 2020లో అందరిలాగే లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చాను, మళ్లీ వెళ్లలేదు. కొంతకాలానికి ఈ ప్లాంట్ డేటాబేస్ చూసే పని వచ్చింది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్లేవాణ్ణి.

పట్టుబడి (చెరువుల్లో రొయ్యలు పట్టడం) మొదలైతే ప్లాంట్ ఎలా ఉంటుందో మీ ఊరి వాళ్లని అడిగినా చెబుతారు. చెరువుల మీద నుంచి ఐసు వేసిన ట్రేలతో వ్యాన్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. రొయ్య దింపాక తూకం వేస్తారు, కౌంట్ తీస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్, దాన్నిబట్టే ధర. ముప్పై కౌంట్‌కీ వంద కౌంట్‌కీ ధరలో చాలా తేడా. తూకం, కౌంట్ ముందు చీటీ మీద రాస్తారు, తర్వాత కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. రైతుకి డబ్బు వెళ్లేది ఆ ఎంట్రీని బట్టే.

నేను వెళ్లిన కొత్తలో బ్యాకప్ ప్లాన్ రాయడానికి కూర్చున్నాను. మన లెక్కలో అందులో రెండు ప్రశ్నలుంటాయి. ఎంతవరకు డేటా పోతే ఫరవాలేదు? ఎంతసేపటి వరకు ఆగితే ఫరవాలేదు? హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఈ రెండు అంకెలూ ఎవరో పై నుంచి రాసి పంపేవారు, నేను అమలు చేసేవాణ్ణి. ఇక్కడ రాసిచ్చేవాళ్లు లేరు. అన్‌లోడింగ్ చూసే సూపర్‌వైజర్‌ని అడిగాను: "అరగంట ఎంట్రీలు పోయాయనుకోండి, చీటీలు చూసి మళ్లీ ఎక్కించుకోవచ్చు కదండీ?" ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టారు. ఐసు నీళ్లకి నాని మెత్తబడిపోయింది. బాల్‌పెన్ గీతలు కనబడుతున్నాయి గానీ అది మూడో ఎనిమిదో చెప్పలేం. "గంట తర్వాత దీన్ని నేనే చదవలేనండి. రైతు వ్యాన్‌తో పాటే వెళ్లిపోతాడు. ఎవర్ని అడుగుతారు?" అన్నారు.

డేటా ఎంత పోవచ్చో ఆ తడి చీటీయే తేల్చేసింది. అరగంట కుదరదు. అదే ప్లాంట్‌లో నెలాఖరు రిపోర్టుల డేటాబేస్ ఒక పూట ఆగినా ఎవరికీ నష్టం లేదు, దానికి అంత ఖర్చు అక్కర్లేదు. స్టాండ్‌బై (అసలు డేటాబేస్‌తో పాటే నడిచే రెండో కాపీ) దేనికి పెట్టాలి, దేనికి రాత్రి బ్యాకప్ చాలు అని యజమానికి నేను చెప్పగలిగింది సూపర్‌వైజర్ పక్కన నిలబడి చూసినందువల్లే. ఇలా చెప్పగలిగిన రోజు నుంచే నన్ను ఖర్చుల మీటింగ్‌కి పిలవడం మొదలుపెట్టారు. మీరు అడుగుతున్న ఎదుగుదల నాకు అక్కడ కనిపించింది.

ఇక సాంకేతికంగా ఒక రాత్రి సంగతి చెబుతాను, ఒరాకిల్ వాళ్లు కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది. పట్టుబడులు ముమ్మరంగా ఉన్న సీజన్‌లో స్క్రీన్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అలర్ట్ లాగ్‌లో ఓఆర్ఏ 00257 అనే ఎర్రర్. జరిగిన మార్పులన్నీ రాసి దాచే ఆర్కైవ్ లాగ్‌ల చోటు నిండిపోయింది. చోటు లేకపోతే ఒరాకిల్ కొత్త మార్పులేవీ తీసుకోదు, మామూలు యూజర్లని లోపలికి రానివ్వదు. బయట వ్యాన్లు వరసలో ఉన్నాయి, ఐసు కరుగుతోంది, ఫోన్‌లో ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ టెన్షన్‌లో ఎవరికైనా చెయ్యి వెళ్లేది పాత ఫైళ్లు చెరిపేయడం మీదికే. అది చేయకూడదు. రెండు కారణాలు. ఒకటి, ఆ ఫైళ్లు ఇంకా బ్యాకప్‌లోకి వెళ్లకపోతే మధ్యలో ఒక్కటి పోయినా రికవరీ అక్కడితో ఆగిపోతుంది, దాని తర్వాతి మార్పులు తిరిగి రావు. రెండు, ఈ ఫైళ్లుండే రికవరీ ఏరియాలోంచి వాటిని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి చెరిపినా ఒరాకిల్ లెక్కలో ఆ చోటు ఇంకా నిండినట్టే ఉంటుంది. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో క్రాస్‌చెక్ చేసి, లేని ఫైళ్ల వివరాలు తీసేసేదాకా తగ్గదు. అంటే ఫైళ్లూ పోతాయి, పనీ జరగదు.

ఆ రోజు డిస్క్‌లో ఖాళీ ఉంది. రికవరీ ఏరియా పరిమితి పెంచగానే డేటాబేస్ దానంతటదే కదిలింది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. ఆ తర్వాత తీరిగ్గా ఆర్కైవ్‌లు బ్యాకప్ తీసి, తీసినవాటిని ఆర్‌మ్యాన్ చేతే చెరిపించాం. అసలు కారణం తెల్లారాక దొరికింది. బ్యాకప్ వెళ్లే డిస్క్ మౌంట్ ఊడిపోయి రాత్రి జాబ్ ఫెయిలవుతోంది, ఆ సమాచారం వెళ్లాల్సిన మెయిల్ ఎవరూ చూడడం లేదు. ఇందులో కమాండ్లు రెండే. కష్టమల్లా, అంతమంది అరుస్తున్నప్పుడు "ఎందుకు ఆగిందో తెలిసింది, పది నిమిషాల్లో మళ్లీ ఫోన్ చేస్తాను, ఈలోగా ఎవరూ సర్వర్ ఆపొద్దు" అని స్థిమితంగా చెప్పడం, చెప్పినట్టే ఫోన్ చేయడం. ఈ ఒక్క అలవాటు వల్ల నా మీద వాళ్లకి కుదిరిన గురి ఏ సర్టిఫికెట్ వల్లా కుదరలేదు.

నిద్ర సంగతి. మీకు రాత్రి ఎన్ని ఫోన్లు వస్తున్నాయో రాయలేదు గానీ, చాలా చోట్ల అందులో సగం అక్కర్లేని అలర్ట్‌లే. డిస్క్ ఎనభై శాతం దాటితే చాలు మనిషిని లేపేస్తారు. మా లంకల్లో గోదారిని చూసే పద్ధతి వేరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే ఎవరూ ఊరు ఖాళీ చేయరు. అసలు మా పెద్దవాళ్లు ధవళేశ్వరం కంటే ముందు భద్రాచలం మట్టం అడుగుతారు. అక్కడ 43, 48, 53 అడుగులు హెచ్చరికలు. అక్కడ ఎంత వేగంగా పెరుగుతోందో తెలిస్తే మన దగ్గరికి నీళ్లు ఎప్పుడొస్తాయో ముందే అంచనా దొరుకుతుంది, గొడ్లని గట్టెక్కించే టైం ఉంటుంది. నేను అలర్ట్‌లన్నీ ఈ లెక్కలోనే తిరగరాశాను. ఎంత నిండింది అని కాకుండా, ఈ వేగంతో పెరిగితే ఎన్ని గంటల్లో నిండుతుంది అని. రెండు రోజులుంటే పగటి మెయిల్ చాలు. నాలుగు గంటలే ఉంటే ఫోన్. బ్యాకప్ ఫెయిలైతే మాత్రం అదే పూట మనిషి చేతికి అందాలి. మార్చాక రాత్రి ఫోన్లు బాగా తగ్గాయి. ఈ మార్పు మీరు వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు, ఎవరి బడ్జెట్టూ అక్కర్లేదు.

2022 జులైలో నిజంగానే గోదారి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, మా లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు, సెల్ టవర్లు ఎప్పుడు పనిచేస్తాయో తెలియదు. నీళ్లు రాకముందే ఆన్‌కాల్ డ్యూటీ (ఏ వేళ ఫోన్ వచ్చినా పని చూడడం) ఒక జూనియర్‌కి అప్పగించేశాను. ఆ అబ్బాయి అప్పటికి కొత్తవాడే. కానీ ఏది ఆగితే ముందు ఏం చూడాలి, ఏ కమాండ్ ఏ వరసలో, దేనికి యజమాని అనుమతి కావాలి అన్నీ రాసి పెట్టి ఉన్నాయి, అంతకుముందు రెండుసార్లు నా ఎదుట చేసి ఉన్నాడు. ఆ రోజుల్లో స్టాండ్‌బై ఒకసారి వెనకబడితే తనే సరిచేశాడు. నాకు నీళ్లు తీశాక తెలిసింది. నేను లేకపోతే నడవదు అని గర్వంగా చెప్పుకునే సీనియర్లు మన రంగంలో చాలామంది. వాళ్ల మీద గౌరవం ఉంది గానీ, ఆ మాట అనేవాళ్లకి సంక్రాంతికి కూడా సెలవు దొరకదు, పై పనీ రాదు. తెలిసింది రాసిచ్చేయండి. మీ చేతిలో పని ఖాళీ అయితేనే కొత్త పని ఇస్తారు.

రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటా తిరిగి తేవడం) గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో జరిగింది చదివారా? వాళ్లే అంతా దాచకుండా రాసుకున్నారు. రాత్రి పొరపాటున అసలు సర్వర్ మీదే డేటా డైరెక్టరీ చెరిపేశారు, సుమారు 300 జీబీ. తీరా చూస్తే వాళ్లు వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రోజువారీ బ్యాకప్‌లు అసలు జరగడమే లేదు, డంప్ (బ్యాకప్ కాపీ) తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2, డేటాబేస్ 9.6, రెండూ కుదరక ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకి గురవుతున్నాయి. అంతకు ఆరు గంటల ముందు వేరే అవసరానికి చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. అందుకే నెలకోసారి వేరే మెషీన్ మీద పూర్తిగా రీస్టోర్ చేసి, ఆఖరి ఎంట్రీ ఏ టైంకి ఉందో చూసి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మీ కంపెనీలో ఎవరూ అడగకపోయినా చేయండి. "రెండు గంటల నలభై నిమిషాల్లో లేపగలను, కిందటి నెల చేసి చూశాను" అని చెప్పే మనిషి మాట మీటింగ్‌లో వేరుగా వినబడుతుంది.

క్లౌడ్ భయం గురించి. ఇన్‌స్టాలేషన్, ప్యాచ్‌లు, రోజువారీ బ్యాకప్ అమర్చడం వంటి పనులు తగ్గిపోయాయి, ఇంకా తగ్గుతాయి. ఈ పనులు తనే చేసే అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్ వచ్చింది 2009లో, ఇది నిన్నటి కబురు కాదు. కానీ డెవలపర్ అప్‌డేట్ కమాండ్‌లో వేర్ (ఏ వరసలు మార్చాలో చెప్పే షరతు) రాయకుండా నడిపేస్తే క్లౌడ్ ఆ తప్పుని స్టాండ్‌బై మీద కూడా నమ్మకంగా చేసి పెడుతుంది. ఆర్‌డీఎస్ ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఎక్కువలో ఎక్కువ 35 రోజులు ఉంటాయి. ఆడిట్‌కి ఏడేళ్ల లెక్క కావాలంటే ఎవరో ఆలోచించాలి కదా. నెమ్మదించిన క్వెరీకి పెద్ద సర్వర్ కొనేస్తే నెల బిల్లు పెరుగుతుంది, సరైన ఇండెక్స్ (డేటా త్వరగా వెతికిపెట్టే సూచిక) పెడితే తగ్గుతుంది. ఏఐ ఇండెక్స్ సూచించగలదు, నేనూ రోజూ అడుగుతాను, చాలాసార్లు బాగానే చెబుతుంది. కానీ తడిసిన చీటీ గంట తర్వాత చదవలేరన్న సంగతి దానికి ఎవరో చెప్పాలి. ఇన్‌స్టాలేషన్ మాత్రమే చేసేవాళ్లకి కష్టమే, అది దాచను.

చదువు విషయంలో ఒక్కటే. ఒరాకిల్ వదలకుండా పోస్ట్‌గ్రెస్ పక్కన పెట్టుకోండి. ఉచితం, మీ లాప్‌టాప్ చాలు. వరసలు పుట్టించే జనరేట్ సిరీస్‌తో కోటి వరసల టేబుల్ చేసి, క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చదవడం అలవాటు చేసుకోండి. డెడ్ టుపుల్స్ (పాతబడి మిగిలిన వరసలు) ఎలా పేరుకుంటాయో, వాటిని ఊడ్చే ఆటోవాక్యూమ్ ఏం చేస్తుందో, తెరిచి వదిలేసిన ఒక్క ట్రాన్సాక్షన్ దాన్ని ఎలా అడ్డుకుంటుందో మీ చేత్తో చేసి చూడండి. పాత విలువల్ని ఒరాకిల్ విడిగా దాచే అన్‌డూ తెలిసినవాళ్లకి ఈ తేడా భలే ఆసక్తిగా ఉంటుంది, రెండూ ఇంకా లోతుగా అర్థమవుతాయి.

ఊరికి రావడం గురించి. ఇంట్లో వాళ్లతో ఉండడం, సాయంత్రం గట్టు మీద నడక నాకు ఎంతో మేలు చేశాయి. రమ్మనే చెబుతాను. కానీ ఆన్‌కాల్ ఉన్న ఉద్యోగంతో వస్తే రెండు వేర్వేరు కంపెనీల నెట్, అందులో ఒకటి సిమ్ మీద, నాలుగు గంటలు ఆగే ఇన్వర్టర్ ముందే పెట్టుకోండి. తుఫాను హెచ్చరిక వస్తే డ్యూటీ మార్చుకునే వెసులుబాటు ఉంటుందా అని మేనేజర్‌ని ఇప్పుడే అడిగి, ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకోండి. ఇంట్లో వాళ్లకి కూడా ఏ వారం ఆన్‌కాల్‌లో ఉంటారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి చూపించండి. పెళ్లిళ్ల సీజన్‌లో దానివల్ల చాలా గొడవలు తప్పుతాయి. మీ టీమ్‌లో అలర్ట్‌లు ఎలా ఉన్నాయో, రోజుకి ఎన్ని వస్తున్నాయో కింద రాస్తే, వాటిలో వేటిని పగటికి మార్చవచ్చో చూసి చెబుతాను.