స్క్వాట్‌లో మోకాళ్లు లోపలికి వాలుతుంటే

ప్రశ్న: బరువుతో స్క్వాట్ (మోకాళ్లు వంచి కిందికి దిగి లేచే వ్యాయామం) చేసి లేచేటప్పుడు నా మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి, మడమలు కూడా లేస్తున్నాయి. ఎలా సరిదిద్దుకోవాలి?

జవాబు: ముందుగా ఎత్తే బరువు తగ్గించండి, అలవాటైన బరువును వదులుకోవడం కష్టమే అయినా, శక్తికి మించి ఎత్తినప్పుడే ఈ లోపాలు ఎక్కువగా బయటపడతాయి. మడమలు లేవడానికి తరచుగా చీలమండ బిగుతు కారణమవుతుంది కాబట్టి, బొటనవేలిని గోడకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేపకుండా మోకాలిని గోడకు ఆనించి చూడండి. అది ఆనకపోతే పిక్క కండరాలను క్రమం తప్పకుండా సాగదీస్తూ, ప్రస్తుతానికి మడమల కింద పలుచని, కదలని పలక పెట్టుకోండి. మోకాళ్ల విషయంలో, 3 సెకన్లపాటు నెమ్మదిగా దిగి, అడుగున క్షణం ఆగి, మోకాళ్లను పాదాల వేళ్ల దిశలోనే ఉంచుతూ లేవడం సాధన చేయండి. ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసుకుంటే తేడా తెలుస్తుంది. నొప్పి ఉంటే మాత్రం ఆపి, ఫిజియోథెరపిస్టును సంప్రదించండి.