పంపు ఆగింది, చేపలు పైకొచ్చాయి

ప్రశ్న: రెండడుగుల తొట్టిలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాం. మొన్న రాత్రి పదకొండింటికి ఎయిర్ పంపు గుయ్‌మంటూనే ఉంది గానీ ఒక్క బుడగా రాలేదు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. మళ్లీ ఇలా అయితే తెల్లారేదాకా ఏం చెయ్యాలి? పంపు బాగవుతుందా?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: ముందు తొట్టి మూత తీసేయండి. మగ్గుతో ఆ నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి ఓ మూలకి, చేపల మీద పడకుండా, మళ్లీ అందులోకే పోయండి. మొదట పది నిమిషాలు ఆపొద్దు. తర్వాత అరగంటకోసారి ఐదేసి నిమిషాలు చాలు. పంపు చేసే పనీ ఇదే. బుడగ అడుగు నుంచి పైకొచ్చే ఆ కాస్త సమయంలో నీళ్లలో కలిసే ఆక్సిజన్ కొంచెమే. బుడగల వరస అడుగు నీటిని పైకి లాగి పైపొరను కదుపుతుంది, అసలు గాలి మార్పిడి అక్కడే జరుగుతుంది.

ఇంట్లో కరెంటు ఉంటే టేబుల్ ఫ్యానుని తొట్టికి మూడడుగుల దూరంలో, నీళ్లు చిందని చోట పెట్టి, గాలి నీటిమీదుగా పోయేలా తిప్పండి. పైన అలలు లేస్తాయి, నీళ్లూ చల్లబడతాయి. ఫిల్టరు విడిగా ఉంటే దాని నోరు సగం నీటిపైకి వచ్చేలా ఎత్తండి. కరెంటూ లేక, నిద్రా తప్పదంటే, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగున గుండుసూదితో నాలుగైదు చిల్లులు పొడిచి, తొట్టి నీళ్లతో నింపి, జానెడు పైన కదలకుండా కట్టండి. మూత బిగిస్తే ధార ఆగుతుంది, వదులు చేస్తే పడుతుంది. మెలకువ వచ్చినప్పుడల్లా నింపుకోవచ్చు.

నాలుగో వంతు నీళ్లు మార్చినా మేలే, కానీ చెన్నై నీళ్లతో జాగ్రత్త. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. యాంటీ క్లోరిన్ మందు సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపనిదే పోయొద్దు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఒక బకెట్లోంచి ఇంకోదాన్లోకి పది పన్నెండు సార్లు ఎత్తి పోశాకే వాడండి. తొట్టి నీళ్లు సగానికి తగ్గిస్తే చేపలకి గాలి బాగా అందుతుందని కొందరంటారు. తగ్గించినా పైపొర వైశాల్యం అంతే, చేపలు అన్నే. ఉన్న నిల్వ మాత్రం సగమవుతుంది. రొయ్యల చెరువుల్లో వేసే ఆక్సిజన్ బిళ్లలు ఇంటి తొట్టిలో వేయకండి. అవి కరిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలవుతుంది, కొలత కాస్త మించినా మొప్పలు కాలిపోతాయి. ఆ రాత్రి మేత అసలు వేయొద్దు.

ఇక పంపు. ప్లగ్ తీసి ట్యూబు ఊడదీయండి. మళ్లీ ప్లగ్ పెట్టి, తడి లేని వేలు గాలి వచ్చే చోట ఆనించి చూడండి. గాలి తగిలితే పంపు మంచిదే, ఎయిర్ స్టోన్ (ట్యూబు చివర బుడగలు వచ్చే రాయి) పూడిపోయింది. తగలకపోతే ప్లగ్ తీసేసి అడుగున స్క్రూలు విప్పండి. లోపల అయస్కాంతం ఉన్న చిన్న చెయ్యి, దానికి తగిలించిన గిన్నెలాంటి రబ్బరు డయాఫ్రమ్ కనిపిస్తాయి. మీ పంపులా మోత ఉండి గాలి లేనప్పుడు మామూలుగా ఆ రబ్బరు అంచున చీలిక ఉంటుంది. వేలితో సాగదీస్తేగానీ అది కనబడదు. చీలిక లేకపోతే పక్కనున్న పెట్టెలో చిన్న రబ్బరు రెక్కలు ముడుచుకున్నాయేమో, దుమ్ము ఇరుక్కుందేమో చూడండి. పాత రబ్బరు పట్టుకుని కొళత్తూరు చేపల అంగళ్లకి వెళ్లి, సరిగ్గా ఆ సైజుదే అడగండి. కొలత తేడా వస్తే అయస్కాంతం కాయిల్‌కి రాసుకుంటుంది.

రబ్బరు చీలడానికి పూడిన స్టోనే కారణం కావచ్చు. బోరు నీటి ఉప్పు దాని రంధ్రాల్లో పేరుకుంటే గాలి వెనక్కి తన్నుతుంది, ఆ ఒత్తిడంతా రబ్బరు మీదే పడుతుంది. స్టోన్‌ని నెలకోసారి ఓ పూట వెనిగర్‌లో నానబెట్టి బాగా కడగండి. అప్పటికీ బుడగలు సన్నగా రాకపోతే కొత్తది వేయండి.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. మీ తొట్టిలో పట్టేది 55 లీటర్ల చిల్లర. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లంటే చాలా ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీలకి అది 7.5కి పడిపోతుంది. చెన్నైలో నీళ్లు ఏడాదిలో చాలా భాగం వెచ్చగానే ఉంటాయి, గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప. తొట్టిలో మొక్కలుంటే అవీ రాత్రి ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామే గండం. భీమవరం వైపు చెరువుల్లో ఆ వేళకి ఏరేటర్లు (నీళ్లు చిలికే యంత్రాలు) తిరిగేది ఇందుకే. రెండు చేపలు ఉంచుకుని మిగతావి పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇవ్వండి.

ప్రశ్న: డిసెంబరు తుపాన్లకి కరెంటు గంటల తరబడి పోతుంది. తొట్టి కింద క్యానిస్టర్ ఫిల్టరు (మూసిన డబ్బాలోంచి నీళ్లు తిరిగేది) ఉంది. ఇన్వర్టరు మీద నడపొచ్చా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ముందు ఎయిర్ పంపుని ఇన్వర్టరుకి కలపండి. అది తినేది మూడు నుంచి ఐదు వాట్లే, సీలింగ్ ఫ్యాను 70 దాకా లాగుతుంది. హీటరు మాత్రం పెట్టకండి. పంపుని నీటిమట్టానికి పైన ఉంచండి, లేదా ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. లేకపోతే కరెంటు పోగానే నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పంపులోకి దిగుతాయి. వాల్వ్ బిగించే ముందు నోటితో ఊదండి, గాలి ఒకవైపే పోవాలి.

పవర్ బ్యాంకుతో నడిచే చిన్న యూఎస్‌బీ పంపులూ ఉన్నాయి. కానీ కొన్ని పవర్ బ్యాంకులు, వాడకం మరీ తక్కువగా ఉందని, వాటంతటవే ఆగిపోతాయి. తుపానుకి ముందే ఓ గంట నడిపి చూసుకోండి.

క్యానిస్టర్ గంటల తరబడి ఆగితే లోపల నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందక చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ కుళ్లునీళ్లన్నీ చేపల మీదికే వస్తాయి. మూత తెరిచి ఆ నీళ్లు పారబోసి, స్పాంజ్‌లూ సిరామిక్ ముక్కలూ తొట్టి నీళ్లతోనే జాడించి, అప్పుడు నడపండి.

ప్రశ్న: ఫైటర్ చేపకి బుడగలు పెట్టాలా?
– ఒక విద్యార్థిని, పెరంబూరు, చెన్నై

జవాబు: అక్కర్లేదు. దానికి తలలో గాలి పీల్చే అవయవం ఉంది, పైకొచ్చి గుటకేసుకుంటుంది. నీటికీ మూతకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంచి, మూతకి చిల్లులు పెట్టు. మూత లేకుండా మాత్రం ఉంచకు, ఎగిరి బయటపడుతుంది.