తులిప్ పాప్లర్ కొమ్మలపై పొలుసు పురుగు

ప్రశ్న: అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉంటున్నాము. మా స్థలంలోని అడవిలో పెద్ద తులిప్ పాప్లర్ చెట్లు, దాని అంచున మేము నాటిన మొక్కలు ఉన్నాయి. జూలైలో ఆకులు జిగటగా మారి, నల్లబడి, పసుపు రంగుకు తిరిగి రాలుతున్నాయి. కొమ్మలపై బుడిపెలున్నాయి. శిలీంధ్ర తెగులని రెండుసార్లు మాంకోజెబ్ పిచికారీ చేసినా తగ్గలేదు. మొదళ్లలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోయమని దుకాణదారు చెప్పారు. తేనెటీగల పెట్టెలు కూడా ఉన్నాయి. పోయవచ్చా?

జవాబు: పోయవద్దు. మీరు బుడిపెలంటున్నవి పొలుసు పురుగులు. అవి రసం పీల్చి విసర్జించే తియ్యని జిగటపై మసిబూజు పెరుగుతుంది. ఆ బూజు ఆకు లోపలికి పోదు కనుక మాంకోజెబ్‌కు పెట్టిన ఖర్చు వృథాయే. ఆకు రాలడంలో ఎండకూ వాటా ఉంది. మన సంపెంగ కుటుంబానికే చెందిన ఈ చెట్టు లోతైన, తేమగల, నీరు నిలవని లోయ నేలలను కోరుతుంది. బెట్ట వస్తే నడివేసవిలోనే ఆకు రాలుస్తుంది.

అడవిలోని పెద్ద చెట్లకు ఏ మందూ అక్కరలేదు. అక్కడ అక్షింతల పురుగులు ఈ పురుగును తింటాయి, వాటిని చంపుకోకండి. చిన్న మొక్కలకు మాత్రం మొగ్గ విచ్చకముందు, ఫిబ్రవరి చివర నుండి మార్చి మొదటి వరకు, గడ్డకట్టే చలి లేని రోజున, పది లీటర్ల నీటికి 300 మి.లీ. హార్టికల్చరల్ ఆయిల్ (మొక్కలపై చల్లే నూనె) కలిపి కొమ్మలన్నీ తడిసేలా పిచికారీ చేయండి. పిల్ల పురుగులు ఆగస్టు చివర, సెప్టెంబరులలో బయటికి వస్తాయి. రెండు వైపులా జిగురుండే టేపును కొమ్మలకు చుట్టి, అవి దానిపై కనిపించిన తరువాతే, చల్లని వేళలో పది లీటర్లకు 200 మి.లీ. పురుగులను చంపే సబ్బు ద్రావణం వాడండి. డబ్బాపై వేరే మోతాదు ఉంటే దానినే పాటించండి.

ఇక ఇమిడాక్లోప్రిడ్ విషయం. వేరు ద్వారా ఎక్కిన ఈ మందు చెట్టులో ఏడాదికి పైగా నిలిచి, మరుసటి వసంతంలో పూల మకరందంలోకి చేరవచ్చు. ఆ ప్రాంతపు తేనెటీగలకు ఏప్రిల్, మే నెలల్లో ప్రధానమైన ఆహారం ఈ పూలే. పైగా తేనెటీగలు ఆకులపై జిగటను కూడా నాకుతాయి. సీసా అమ్ముకునేవారు మీ పెట్టెల గురించి అడిగి ఉండరు. మరోసారి ఏదైనా కొనేముందు ఒక కొమ్మముక్కను మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహా) కార్యాలయంలో చూపించండి.

నత్రజని ఎరువు వేస్తుంటే ఆపండి, రసం పీల్చే పురుగులకు అది మేత. బెట్ట రోజుల్లో చిన్న మొక్కలకు వారానికొకసారి లోతుగా నీరు పెట్టి, మొదలుకు తగలకుండా మూడంగుళాల మందాన రాలిన ఆకులనే కప్పండి.