చిత్తూరు ఇంట్లో కంప్యూటర్‌ని బెంగళూరు నుంచి తెరవాలంటే

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. మీ నాయన బెల్లం మండీ లెక్కలన్నీ చిత్తూరు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి, వారం వారం పలమనేరు మీదుగా బస్సులో ఊగుతూ రావడం నీ వల్ల కావట్లేదు, అక్కడి నుంచే చూసుకోవాలనుకుంటున్నావు. మంచిదే. కానీ ఫ్రెండెవరో చెప్పాడని రౌటర్‌లో 3389 పోర్ట్, అంటే బయటి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే ఒక ద్వారం, తెరుస్తానన్నావే, ఆ పని మాత్రం చేయొద్దు. ఇప్పటికే తెరిచి ఉంటే ఈ లెటర్ తర్వాత చదువుదువుగానీ, ముందు పోయి మూసెయ్.

ఎందుకంటే 3389 అనేది, దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపించే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ది అని లోకమంతటికీ తెలుసు, ఇంటర్నెట్‌లో కనబడ్డ ప్రతి అడ్రస్‌నీ రాత్రనక పగలనక వెతికే ప్రోగ్రాములున్నాయి, మాది చిన్న ఊరు, మా మండీ ఎవడికి కావాలి అంటే వాటికి పట్టదు. పాస్‌వర్డ్ గట్టిగా పెట్టాను కదా అంటావేమో. 2019లో పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడిన బ్లూకీప్ అనే లోపానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు, లాగిన్ కాకుండానే లోపలికి దూరొచ్చు. మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, అంత భయపడ్డారన్నమాట. ఇక నంబర్ మార్చి వేరే పోర్ట్ పెట్టడం అంటావా, ఇంటి నంబర్ ప్లేట్ మార్చినంత మాత్రాన తలుపుకి గొళ్లెం పడదు.

పైగా మీ ఇంట్లో ఆ పద్ధతి అసలు పని చేస్తుందో లేదో కూడా చెప్పలేం. మన దగ్గర నెట్ ఇచ్చే వాళ్లలో చాలామంది ఇంటర్నెట్‌లో బయటికి కనబడే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకి కలిపి వాడతారు. రౌటర్ పేజీలో వాన్ ఐపీ అని, నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్ ఉంటుంది చూడు, అది 100.64 నుంచి 100.127 లోపల ఏదైనా ఉందంటే, లేదా 10తో మొదలైతే, నువ్వు పోర్ట్ తెరిచినా బయటి నుంచి ఇంటిదాకా ఏదీ రాదు.

మరి ఏం చేయాలి అంటే, నా మాట విని టెయిల్‌స్కేల్ అనే యాప్ పెట్టు. ఇది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (కంప్యూటర్ల మధ్య రహస్య దారి వేసే పద్ధతి) మీద నడుస్తుంది, వైర్‌గార్డ్ 2020 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే ఉంది, ఇంజినీర్లు నమ్మే సరుకు. నీ లాప్‌టాప్, ఇంటి కంప్యూటర్ రెండూ నీ ఒక్కడి ప్రైవేట్ నెట్‌వర్క్‌లో చేరతాయి, రౌటర్‌లో ఏదీ తెరవక్కర్లేదు, సొంత వాడకానికి ఫ్రీ. ఆ తర్వాత రిమోట్ డెస్క్‌టాప్‌ని ఆ నెట్‌వర్క్ లోపల నుంచి వాడుకో. పబ్లిక్ అడ్రస్ ఉండి, నీకు ఓపికుంటే ఉత్త వైర్‌గార్డే నువ్వే కట్టుకోవచ్చు, కానీ ఏదైనా ఆగిపోయినప్పుడు చిత్తూరులో దాన్ని సరిచేసేవాడు ఉండడు కాబట్టి నేనైతే వద్దంటాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు సెట్టింగులు మర్చిపోవద్దు. ఒకటి, ఇంటి కంప్యూటర్‌లో టెయిల్‌స్కేల్‌కి ‘రన్ అనటెండెడ్’ ఆన్ చెయ్, లేకపోతే కరెంట్ పోయి వచ్చాక ఎవరైనా లాగిన్ అయ్యేదాకా అది కనెక్ట్ అవ్వదు. రెండోది, మామూలుగా 180 రోజులకి దాని కీ (ఆ మెషిన్‌ని నెట్‌వర్క్‌లోకి రానిచ్చే గుర్తింపు) గడువు ముగిసిపోతుంది, అడ్మిన్ పేజీలో ఆ ఒక్క మెషిన్‌కి ఎక్స్‌పైరీ ఆపెయ్, లేకుంటే సరిగ్గా జీఎస్టీ రిటర్న్ గడువు రోజే ఆగి కూర్చుంటుంది. ఇదంతా నీ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే వ్యవహారం కదా, అందుకని ఆ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ లేకపోతే ఇంతసేపు చెప్పిందంతా దండగ.

ఇప్పుడు విండోస్ సంగతి. అది ప్రో అయితేనే రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటి నుంచి లోపలికి రానిస్తుంది, హోమ్ ఎడిషన్ రానివ్వదు. ఇంకోటి, నువ్వు లోపలికి వచ్చిన మరుక్షణం అక్కడ స్క్రీన్ లాక్ అయిపోతుంది. మీ నాయన బిల్లు కొడుతుంటే సగంలో నువ్వు దూరావనుకో, ఆయన కంప్యూటర్ పాడైందని వీధి చివర షాపుకి మోసుకెళ్లినా ఆశ్చర్యం లేదు. ఇద్దరూ ఒకే స్క్రీన్ చూడాలన్నా, హోమ్ ఎడిషనే ఉన్నా క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సరిపోతుంది, పిన్ మాత్రం కనీసం ఆరంకెలు పెట్టమంటుంది, నువ్వు ఇంకా పొడుగ్గా పెట్టు, మీ అమ్మ పుట్టినరోజు పెట్టకు.

నన్ను అసలు భయపెట్టేది హ్యాకర్లు కాదు, ఫోన్లు. ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి స్క్రీన్ చూసే యాప్‌లు చెడ్డవని అనను, ఆఫీసుల్లో అందరూ వాడతారు. కానీ ప్రతిసారీ మీ నాయన యాప్ తెరిచి, అందులో ఉన్న నంబర్ నీకు చదివి వినిపించి, ‘యాక్సెప్ట్’ నొక్కడం అలవాటైతే, రేపు బ్యాంక్ నుంచి అని ఇంకెవడో ఫోన్ చేసినా అలాగే చదివేస్తాడు. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులని హెచ్చరించింది ఈ మోసం గురించే, ఆ యాప్ పేరు పెట్టి మరీ చెప్పింది. అందుకే, నువ్వు ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, ఇంట్లో వాళ్లు ఒక్క నంబర్ కూడా ఫోన్‌లో చెప్పే అవసరం ఉండకూడదు. అప్పుడు బావకి ఒకే మాట చెప్పొచ్చు: “కంప్యూటర్‌లో కనబడే నంబర్ ఎవరడిగినా చెప్పొద్దు, నేనడిగినా చెప్పొద్దు, నా గొంతులా వినబడినా చెప్పొద్దు.” ఇందులో ‘అయితే’, ‘కానీ’ లేవు కాబట్టి ఆయనకి గుర్తుంటుంది. ఎప్పుడైనా చెప్పేసి డబ్బు పోయిందంటే మాత్రం దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టమను. ఆ నంబర్ పెద్ద అక్షరాల్లో రాసి మానిటర్ పక్కన అంటించు.

కరెంట్ సంగతి మర్చిపోయేవాణ్ణి. మానిటర్ ఆగినా పర్లేదు, సీపీయూ స్లీప్‌లోకి పోకుండా పెట్టు. బయోస్‌లో, అంటే విండోస్ మొదలవక ముందే తెరిచే సెట్టింగుల్లో, కరెంట్ వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టకపోతే “నాయనా, కొంచెం బటన్ నొక్కు” అని ఫోన్ చేయడమే సరిపోతుంది. నువ్వు లాగిన్ అయ్యే యూజర్‌కి అడ్మిన్ హక్కులివ్వకు, ట్యాలీకి అవి అక్కర్లేదు. ట్యాలీ డేటా ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టించు. ఆఫీసు లాప్‌టాప్ నుంచి మాత్రం ఇంటికి కనెక్ట్ అవ్వకు, మీ ఐటీ వాళ్లతో తలనొప్పి నీకే.

పై ఆదివారం పనిమీద చిత్తూరు వస్తున్నా, తిరుపతిలో పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ వేళకి మీ ఇంట్లో ఉంటాను. ఈలోగా అది హోమా ప్రోనా, విండోస్ 10 అయితే 11కి మారగలదా అని బావ చేత సెట్టింగ్స్ పేజీ ఫోటో తీయించి నాకు పంపు. 10కి సపోర్ట్ 2025 అక్టోబర్‌తోనే అయిపోయింది. మారలేకపోతే ముందు ఆ సంగతి తేల్చుకుని, మిగతా పని తర్వాత మొదలుపెడదాం.

మీ మామ